తెల్లవారుజాము ఎవరిది? కచేరీ కళాకారుల ఇంటి లెక్క

ఏటా నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ మర్నాడు విజయవాడ సత్యనారాయణపురంలోనో, హైదరాబాదు చిక్కడపల్లిలోనో ఉండే సంగీతం టీచరు ఇంట్లో పొయ్యి వెలిగే వేళ మారిపోతుంది. న్యూజెర్సీ పిల్లలకు అక్కడి సాయంత్రం ఏడున్నరకు పెట్టిన పాఠం అక్టోబరు దాకా ఇక్కడ పొద్దున 5 గంటలకు వచ్చేది. ఇప్పుడు 6కు వస్తుంది. కాలిఫోర్నియా పిల్లల ఆరు గంటల పాఠం 6.30 నుంచి 7.30కు జరుగుతుంది. ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే క్యారేజీ కట్టే వేళా, అవతల మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన జంటస్వరాలు అప్పజెప్పించుకునే వేళా ఒకటైపోతాయి. మార్చి రెండో ఆదివారం దాకా ఇదే వరస.

కర్ణాటక సంగీతం వృత్తిగా ఉన్న ఇల్లు ఎలా నడుస్తుందన్న ప్రశ్న మార్గశిర మాసంలో, చెన్నైలో ఏటా జరిగే కచేరీల సీజను వార్తలు వచ్చేటప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది. జనానికి కనిపించేది వేదిక మీది రెండున్నర గంటలు. ఇంటి రోజును నడిపించేవి వేరే ఉన్నాయి.

క్లుప్తంగా: కచేరీల మీదే ఇల్లు గడిచే కుటుంబాలు తక్కువ, నెలనెలా చేతికొచ్చేది పాఠాల డబ్బు. పాఠాలకు గిరాకీ ఉన్న వేళలూ, సాధన బాగా సాగే వేళలూ ఒకటే కావడం అసలు చిక్కు. ఇంట్లోవాళ్ల శ్రుతులు (పాటకు ఆధారమైన స్వరం ఎత్తు) వేరువేరు కావడం, వాద్యాల మీద వాతావరణం ప్రభావం, పంచాంగం దీనికి తోడవుతాయి.

సాధన వేళే పాఠం వేళ

గాత్రానికి తెల్లవారుజామున మంద్రస్థాయి సాధన చేయించడం పాత పద్ధతి. నిద్ర లేచిన గొంతు బరువుగా ఉండి కింది స్వరాలకు సులువుగా దిగుతుంది. అకారంలో మంద్ర పంచమం దాకా దిగి, ఒక్కో స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ కదలకుండా పట్టి, మెల్లగా మధ్యస్థాయికి రావాలి. తారస్థాయి ఎక్కడం గొంతు వేడెక్కాక. ఆ పైన అలంకారాలు మూడు కాలాల్లో (వేగాల్లో), ఒక వర్ణం రెండు కాలాల్లో, ఒక రాగం ఆలాపన. ఏ తొందరా లేకుండా చేస్తే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. మృదంగానిదీ ఇదే దారి. రాత్రంతా బిగుసుకుపోయిన వేళ్లు విళంబకాలంలో, అంటే నెమ్మదిగా, అరగంట వాయిస్తేగాని మూడో కాలానికి లొంగవు.

పాఠం చెప్పడమూ పాడడమే కదా, అదే సాధన కాదా అని అడిగేవారుంటారు. కాదు. పాఠంలో ఆవర్తనంలో (తాళం ఒక చుట్టులో) సగం పాడి ఆగాలి, పిల్ల తప్పు పాడితే ఆ తప్పును గొంతులోనే పసిగట్టి దిద్దాలి, అదే ముక్కను ఎనిమిదిసార్లు పాడాలి. దీర్ఘశ్వాస ఉండదు, గమకాన్ని (స్వరాన్ని ఊపి పలికే తీరును) పిల్లకు అర్థమయ్యేలా విడగొట్టి నెమ్మది చేయాలి. నాలుగు గంటలు ఇలా చెప్పిన గొంతు అలసిపోతుందే తప్ప పదును తేలదు. పైగా మైకు ముందు కూర్చున్నామన్న సంగతి మరిచి అరిచి చెప్పే అలవాటొకటి. సాయంత్రానికి గొంతు బొంగురుపోవడానికి కచేరీల కన్నా ఇదే ఎక్కువ కారణం.

గురుకులంలో ఈ పోటీ లేదు. బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి ఇంట చదువుకున్న తరంలో — బాలమురళీకృష్ణ ఆ ఇంటి శిష్యుడే — పాఠానికి వేళంటూ విడిగా లేదు. గురువు సాధన చేసుకుంటుంటే శిష్యుడు తంబురా పట్టుకుని వినేవాడు. చెప్పినదాని కన్నా విన్నది ఎక్కువ. గురువు సాధనే శిష్యుడికి పాఠం కాబట్టి ఒకే గంట ఇద్దరికీ ఖర్చయ్యేది. ఇప్పుడు 45 నిమిషాల పాఠానికి 45 నిమిషాల సాధన పోతుంది. శిష్యుడు మాత్రం గురువు సొంతానికి పాడుకోవడం ఎన్నడూ వినడు. ఆన్‌లైన్ విద్య లాభనష్టాల మీద జరిగే చర్చల్లో ఈ రెండో సంగతి దాదాపుగా రాదు.

వేళల సర్దుబాటుకు కొన్ని దారులున్నాయి. తూర్పు తీరం పిల్లలను వారాంతానికి మారిస్తే, వేసవి గడియారం ప్రకారం అక్కడి శనివారం ఉదయం 8 నుంచి 11 దాకా ఇక్కడ సాయంత్రం 5.30 నుంచి 8.30. ఉదయం మిగులుతుంది, శనివారం కచేరీ పోతుంది. ఆస్ట్రేలియా, సింగపూరు పిల్లలైతే మన మధ్యాహ్నాలకు సరిపోతారు. అందుకే వీలున్నవాళ్లు ఆ దేశాల పిల్లలనే ముందు తీసుకుంటారు.

ఆన్‌లైన్ పాఠం ఎక్కడ తెగుతుంది

మాట వెళ్లి రావడానికి పట్టే సమయం మాట్లాడుకునేవారికి తెలియదు, తాళం వేసేవారికి వెంటనే తెలుస్తుంది. ఇక్కడ వేసిన దెబ్బ అక్కడ ఆలస్యంగా వినబడుతుంది, అక్కడి పాట ఇక్కడికి ఇంకొంత ఆలస్యంగా చేరుతుంది. ఇద్దరూ కలిసి పాడితే టీచరుకు పిల్ల ఎప్పుడూ వెనకబడినట్టే ఉంటుంది. పిల్ల ఆ తిట్లు పడలేక తొందరపడుతుంది, లయ చెడుతుంది. దీనికి మందు లేదు. ఒకరు పాడాక ఒకరు పాడడం, తాళం పిల్లే వేసుకోవడం, టీచరు చేయి కదపకుండా వినడం మాత్రమే దారి. మొదటి పాఠాలైన సరళీ వరసలకు ఇది చాలు, అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాల దగ్గర చాలదు.

రెండో తంటా తంబురాది. వీడియో కాల్ యాప్‌లు ఆగకుండా మోగే శబ్దాన్ని ఫ్యాను చప్పుడుగా లెక్కవేసి తొలగిస్తాయి. టీచరు ఇంట్లో తంబురా హాయిగా మోగుతుంటుంది, అవతల పిల్లకు అది వస్తూ పోతూ, ఒక్కోసారి పూర్తిగా మాయమై వినిపిస్తుంది. జూమ్‌లో సంగీతానికి వేరుగా ఒరిజినల్ సౌండ్ ఏర్పాటు ఉంది. రెండు వైపులా దాన్ని పెట్టుకోవాలి, అంతకన్నా నమ్మకంగా ఎవరి తంబురా వాళ్ల దగ్గరే మోగాలి. పిల్ల తన శ్రుతి పెట్టె ఆపేసి టీచరు వైపు నుంచి వచ్చేదాని మీద ఆధారపడితే అపశ్రుతి నెలల తరబడి బయటపడదు.

ఒకే కప్పు కింద రెండు శ్రుతులు

హార్మోనియం తెల్ల మెట్లను వరసగా ఒకటి, రెండు, మూడు అని లెక్కించి శ్రుతి చెబుతారు. నల్ల మెట్లు అరలు. మగవాళ్లు ఎక్కువగా ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య, ఆడవాళ్లు నాలుగున్నర నుంచి ఆరు మధ్య పాడతారు. భార్యాభర్తలిద్దరూ గాయకులైన ఇంట్లో ఆయనది ఒకటిన్నర, ఆమెది అయిదున్నర అనుకుంటే, ఆయన పంచమం (ప) ఆమెకు షడ్జమం (స). వినడానికి పొత్తుగానే ఉంది. కానీ ఆమె తంబురాలో పంచమం తీగ కూడా మోగుతుంది, అది ఆయన శ్రుతికి చతుశ్రుతి రిషభం (రి). పక్క గదుల్లో తలుపులు వేసుకుని పాడినా ఒకరి పంచమం ఇంకొకరి షడ్జమాన్ని గిల్లుతూనే ఉంటుంది. కాబట్టి ఒకే సమయంలో ఇద్దరి సాధన సాగదు. ఒకరు వంటింట్లో ఉన్నప్పుడు ఒకరు పాడుకోవాలి. ఆడ, మగ జంట గాత్ర కచేరీలు అరుదుగా కనిపించడానికి కారణం అహాలు కాదు, ఇదే.

వాద్యాల జంటలకు ఈ బాధ లేదు. పద్మశ్రీ పొందిన నాదస్వర దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలు ఒకే శ్రుతిలో కలిసి వాయిస్తారు. వాద్యానికి ఆడ, మగ తేడా ఏముంది!

అపార్ట్‌మెంటులో ఉంటే ఇరుగుపొరుగు లెక్క వేరు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రి కిందే లెక్క, నివాస ప్రాంతంలో పరిమితి 45 డెసిబెల్స్. పగలు 55. బ్రాహ్మీ ముహూర్తం చట్టానికి రాత్రే. గాత్రం తలుపులు మూస్తే కొంత అణుగుతుంది, మృదంగం తొప్పి (ఎడమ వైపు మూత) మోత మాత్రం నేల గుండా కింది వాటాకు దిగుతుంది. వాద్యం కింద మందమైన జంపఖానా, దాని కింద రబ్బరు చాప వేస్తే చాలావరకు తగ్గుతుంది. ఆరింటికి ముందు ముక్తాయింపుల (వాయింపును ముగించే అల్లికల) లెక్కలు నోటితో తకధిమి అంటూ సొల్లుకట్టుగా చెప్పుకుంటూ తొడ మీద వాయించుకోవాల్సిందే.

వాన పడితే మృదంగం

వాద్యాల్లో ఇంటిని ఎక్కువ ఇబ్బంది పెట్టేది మృదంగమే. పనస కట్టె గుల్ల, రెండు వైపులా తోలు, మధ్య వార్లు. ఒక మృదంగాన్ని అర శ్రుతి, మహా అయితే ఒక శ్రుతి అటూ ఇటూ జరపగలరు, అంతకు మించి జరపబోతే తోలు చిరుగుతుంది లేదా నాదం చచ్చిపోతుంది. మగ గాత్రానికి తగ్గు శ్రుతిది, సుమారు 24 అంగుళాలు. ఆడ గాత్రానికి హెచ్చు శ్రుతిది, సుమారు 22 అంగుళాలు. తగ్గు, హెచ్చు అన్న ఈ తెలుగు మాటల్ని తమిళ విద్వాంసులు కూడా ఇలాగే వాడతారు. పని దొరికే విద్వాంసుడి ఇంట్లో ఇవి రెండూ, ఒక్కొక్కదానికి జోడీ ఇంకొకటీ, మరమ్మతుకు వెళ్లినది ఒకటీ ఉంటాయి. మంచం కింద, బీరువా పైన, చిన్న ఫ్లాటైతే హాల్లో కుర్చీల మధ్య వీటి కాపురం.

తోలు గాలిలోని తేమ పీలుస్తుంది. వాన పట్టిన రోజున సాగి శ్రుతి దిగుతుంది, ఎండకూ ఏసీకీ బిగిసి పైకి పోతుంది. విజయవాడలో పొద్దున సరిచేసిన మృదంగం ఏప్రిల్ నెలలో హైదరాబాదు చేరేసరికి హెచ్చి ఉంటుంది. సరిచేసే పద్ధతి ఇది: కుడి మూత అంచు జడ చుట్టూ 16 చోట్ల వార్లు పడతాయి. ఒక్కో చోట వేలితో మీటి వినాలి. నాదం తగ్గిన చోట జడ మీద చిన్న చెక్క ముక్క ఆనించి రాయితో కిందికి కొడితే తోలు బిగుస్తుంది. హెచ్చిన చోట కింది నుంచి పైకి కొడితే వదులవుతుంది. ఒక చోట కొట్టాక పక్కదానికి కాదు, ఎదుటిదానికి వెళ్లాలి. వరసగా కొట్టుకుంటూ పోతే ఒక వైపు పూర్తిగా లాగి మూత మధ్యలోని నల్లటి కరణి బీటలు వారుతుంది. కొత్తవాళ్లు చేసే తప్పు ఇదే. తడిసి సాగినదాన్ని ఆ రోజు రాత్రే బలంగా బిగించి, మర్నాడు ఎండ కాసినప్పుడు చూసుకోకపోవడం రెండో తప్పు. ఆరేటప్పుడు తోలు ఇంకా బిగిసి అంచు దగ్గర చిట్లుతుంది.

కరణి అన్నది వండిన అన్నం, నల్లరాతి పొడి కలిపి పొరలు పొరలుగా పూసి, ప్రతి పొరనూ నున్నటి రాయితో రుద్ది ఆరబెట్టినది. రోజూ వాయిస్తే రాలుతూనే ఉంటుంది. కుడి మూత నెలల్లోనే మార్చాలి, ఎడమది ఎక్కువ కాలం ఆగుతుంది. ఈ పని తెలిసినవాళ్లు ఊరికి ఒకరిద్దరికి మించి లేరు. తంజావూరు, చెన్నైలలో ఎక్కువగా దళిత క్రైస్తవ కుటుంబాలు తరాలుగా చేస్తున్న పని ఇది. వేదిక మీద మెచ్చుకునే నాదంలో వారి చేయి ఎంతుందో ఇటీవలే మాట్లాడుకోవడం మొదలైంది. పనివాడు దొరకడం కష్టమయ్యేకొద్దీ స్పానరుతో బిగించుకునే బోల్టు మృదంగాలు వచ్చాయి. ప్రయాణానికి, అమెరికాలో నేర్చుకునే పిల్లలకు అవి సుఖం. పేరున్న వాళ్లలో చాలామంది కచేరీకి మాత్రం తోలు వార్లతో బిగించే మృదంగాన్నే తీసుకెళ్తారు.

వయొలిన్, వీణ

వయొలిన్ను మనవాళ్లు స ప స ప అని కలుపుతారు. వేళ్ల పద్ధతి ఏ శ్రుతికైనా ఒకటే, తీగలకే కష్టం. నిన్న ఒకటిన్నరకు, ఇవాళ అయిదున్నరకు పక్కవాద్యమైతే ఒకే జత తీగలు అంత తేడాకు తట్టుకోవు. హెచ్చించితే తెగుతాయి, తగ్గించితే నీరసంగా మోగుతాయి. కొత్త తీగ కుదురుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి అప్పటికప్పుడు మార్చడం తెలివి తక్కువ. రెండు వాద్యాలు ఉంచుకోవడమే మేలు. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే తీసి వేయాలి. నాలుగూ ఒకేసారి వదులు చేస్తే పైన బ్రిడ్జి, లోపల దానికి ఆధారంగా నిలబెట్టిన చిన్న కర్ర కూడా పడిపోతాయి. కర్రను మళ్లీ నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు.

వీణకు శత్రువు ఎండ. 24 మెట్లూ మైనంలో కూర్చుని ఉంటాయి. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారులో గంట వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లు ఒరుగుతాయి, అప్పటి నుంచి ఏ స్వరమూ నమ్మకం కాదు. మేళం కట్టించుకోవాలంటే, అంటే మెట్లను మళ్లీ మైనంలో సరిగా కూర్చించుకోవాలంటే, పనివాడి దగ్గరికి వెళ్లాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలోనూ నూజివీడులోనూ ఆ చేయి తిరిగినవాళ్లు ఇంకా ఉన్నారు.

డబ్బు వచ్చే దారులు

ఒకప్పుడు స్థిరమైన జీతం రెండు చోట్ల ఉండేది. ఒకటి సంగీత కళాశాల. 1919లో మొదలైన విజయనగరం కళాశాల ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు వంటివారికే ఉద్యోగమిచ్చింది. రెండోది ఆకాశవాణి. 1948లో విజయవాడ కేంద్రం వచ్చాక నిలయ విద్వాంసుడంటే నెల జీతంతో పాటు ఇంటి పక్కవాళ్ల దగ్గర గౌరవం కూడా. ఇప్పుడు ఈ రెండు చోట్లా ఖాళీలు భర్తీ కావడం అరుదు. ఆకాశవాణి బీ, బీ హై, ఏ, టాప్ గ్రేడులు మిగిలాయి. ఏడాదికి వచ్చే కొద్ది ప్రసారాల పారితోషికం కన్నా, ఏ గ్రేడు అని కరపత్రంలో వేసుకోవడం వల్ల సభల దగ్గర పెరిగే మర్యాదే ఆ గ్రేడుకు అసలు విలువ.

కచేరీల లెక్కకు వస్తే తెలుగు ఊళ్లలో చాలా సభలకు టికెట్టు లేదు, దాతలు ఇస్తేనే డబ్బు. ముఖ్య గాయకుడికి, వయొలిన్‌కు, మృదంగానికి, ఘటానికి వరసగా తగ్గుతూ కవర్లు. రైలు చార్జీలు విడిగా ఇస్తారో అందులోనేనో ముందే అడగాలి, అడగడానికి మొహమాటం. శాస్త్రీయ సంగీత ప్రదర్శనకు పారితోషికం రూ.1.5 లక్షలు మించకపోతే జీఎస్టీ లేదు. ఆ గీత దాకా వెళ్లే కవర్లు ఇక్కడ ఎన్ని ఉంటాయో చెప్పనక్కర్లేదు.

పంచాంగం ప్రభావం ఇంటింటికీ మారుతుంది. గాత్ర విద్వాంసులకు దసరా, కార్తీకం, మార్గశిరం, శ్రీరామనవమి పందిళ్లు పంట కాలం. పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధనలో ఊరూరా పంచరత్నాలు పాడతారు, ఆ రోజు కవరు ఉండదు, ఉండాలనీ ఎవరూ అనుకోరు. నాదస్వరం, డోలు కుటుంబాల సంగతి వేరు. వారి రాబడి పెళ్లి ముహూర్తాల మీద. ఆషాఢం ఒక నెల ఖాళీ. గురు మూఢమో శుక్ర మూఢమో పక్కన చేరితే రెండు మూడు నెలలు పొయ్యి మీదికి వచ్చేది గుడి సేవ జీతమే. అదే మూఢంలో ఆన్‌లైన్ పాఠాలు చెప్పే గాయని ఇంటికి రావలసిన డబ్బు వస్తూనే ఉంటుంది. నాదస్వరాన్ని ఇంటర్నెట్ మీద నేర్పడం కష్టం కనుక ఆ ఇళ్లకు ఈ దారి సరిగా తెరుచుకోలేదు.

కచేరీ ఉన్న రోజు

సాయంత్రం 6.30కు కచేరీ అంటే పొద్దుటి పాఠాలు రెండింటికి మించి పెట్టుకోకూడదు. సాధన అరగంట, అదీ గొంతు తెరుచుకునేంతవరకే. భోజనం పన్నెండు లోపు, పులుపూ వేపుళ్లూ లేకుండా. నాలుగింటికి రెండు ఇడ్లీలు. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు. తంబురా ఫోన్‌లో మోగిస్తే ఫ్లైట్ మోడ్ తప్పనిసరి. ఆలాపన మధ్యలో బ్యాంకువాళ్ల ఫోను వస్తే శ్రుతి ఆగిపోతుంది, సభ నవ్వుతుంది.

పాటల జాబితాలో వరసగా రెండు ఒకే తాళానివీ, దగ్గరి రాగాలవీ లేకుండా చూసుకోవాలి. పక్కవాద్యాలతో రిహార్సలు ఉండదు. వయొలిన్ మనిషికి రాగం వేదిక మీదే తెలుస్తుంది. భార్య గాత్రం, భర్త మృదంగం అయిన ఇంట్లో మాత్రం వంటింటి దగ్గరే సగం కచేరీ అయిపోతుంది. ముక్తాయింపు ఎక్కడ పడాలో ఇద్దరికీ ముందే తెలుసు. ఆ కుదురు మేలే అయినా అలవాటుపడితే వేరే మృదంగంతో పాడినప్పుడు ఆమెకు చెయ్యి విరిగినట్టుంటుంది. పెద్దలు ఇతరులతోనూ పాడమని చెప్పేది అందుకే.

పొరుగూరైతే సామాను లెక్క. దేశీయ విమానాల్లో మామూలు టికెట్టుకు చెక్-ఇన్ సామాను 15 కిలోలు. గట్టి పెట్టెలో పెట్టిన మృదంగం ఒక్కటే దాని దగ్గరికి వెళ్తుంది. బట్టలు చేతి సంచిలో, వయొలిన్ పై అరలో. రెండు మృదంగాలైతే రైలే మంచిది, కింది బెర్తు కింద ఒకటి, కాళ్ల దగ్గర ఒకటి.

కచేరీ తొమ్మిదికి అయ్యాక మాట్లాడించేవాళ్లు అయ్యేసరికి తొమ్మిదిన్నర. ఆకలి మీద నిర్వాహకులిచ్చే పులిహోర తినేసి వెంటనే పడుకుంటే కడుపులోని ఆమ్లం గొంతుకు ఎక్కి పొద్దుటికి స్వరపేటిక మండుతుంది. గాయకులకు ‘కచేరీ మర్నాడు గొంతు పట్టేయడం’ చాలాసార్లు పాట వల్ల కాదు, ఈ పులిహోర వల్ల. కొంచెం మజ్జిగన్నం తిని గంటసేపు కూర్చోవాలి.

ఆ గంటకు మృదంగం పని ఉంటుంది. కచేరీకి ముందు ఎడమ తొప్పి మధ్యలో తడిపి పూసిన బొంబాయి రవ్వ ముద్ద ఇంకా అక్కడే ఉంటుంది. రవ్వ ఎక్కువైతే నాదం దిగి మొద్దుబారుతుంది, తక్కువైతే గుంకి (తొప్పి మీద పలికే ఊగే మోత) పలకదు, ఏసీ హాల్లో తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనానికి వచ్చేసరికి ఆరి పెచ్చులు రాలుతుంది. రాత్రే గీకేయాలి. వదిలేస్తే తోలు గట్టిపడుతుంది, చీమలు పడతాయి, ఎలుకలున్న ఇల్లైతే తొప్పే ఉండదు. తడి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, సంచి తొడిగి గోడకు ఆనించేసరికి పదకొండు దాటుతుంది. ఫోన్‌లో అలారం 4.40కి ఉంటుంది, నవంబరు ఇంకా రాకపోతే న్యూజెర్సీ పాఠం అయిదింటికి.